ఒకవైపు సముద్రం, ఇంకోవైపు లాగూన్: మోజు తీరాక మిగిలే సుఖం ఏమిటి?

ఇసుకమేట
అందరికీ నమస్కారం. సముద్రానికీ లాగూన్‌కీ నడుమ సన్నగా సాగిన ఇసుక నేల మీద ఇల్లు చూస్తున్నాం. ముందు తలుపు తీస్తే బీచ్, పెరటి వైపు కాస్త నడిస్తే లాగూన్, అంటే ఒక సందు ద్వారా సముద్రంతో కలిసిన ఉప్పునీటి సరస్సు. సెలవులకు వెళ్లి వచ్చినవాళ్ల పొగడ్తలు చాలా విన్నాను, అవి వద్దు. ఏళ్ల తరబడి అలాంటి చోటే కాపురం ఉంటున్నవాళ్లు చెప్పండి. మోజు తీరిపోయాక కూడా మిమ్మల్ని అక్కడ పట్టి ఉంచేది ఏమిటి? సూర్యాస్తమయం ఫొటోలు పెట్టకండి, దయచేసి. ఇంకో సంగతి, పడగ్గది ఏ వైపు ఉండాలన్న దాని మీద ఇంట్లో రోజూ వాదనే. మావారు సముద్రం అంటారు, అత్తయ్యగారు లాగూన్ అంటారు. నేను ఎటూ తేల్చుకోలేదు.

ఉప్పుగాలి
ఫొటోలు వద్దన్నారు కాబట్టి మాటల్లోనే చెప్తాను. తీరం తూర్పుకో పడమరకో తిరిగి ఉంటే పొద్దు పొడవడం ఒక నీటి మీద, కుంకడం ఇంకో నీటి మీద చూడొచ్చు. ఉత్త బీచ్ ఊళ్లలో ఈ రెండిట్లో ఒకటే దక్కుతుంది. అయితే నన్నడిగితే ఇది చిన్న సుఖమే, కొన్నాళ్లకు అలవాటైపోతుంది.

అసలు సుఖం ఎక్కడుందంటే, ఏ రోజుకైనా మన మూడ్‌కి సరిపోయే నీరు ఒకటి దొరుకుతుంది. గాలి విసురుగా ఉండి బీచ్‌లో ఇసుక కళ్లలో కొట్టే రోజు లాగూన్ వైపు తుప్పల చాటున హాయిగా కూర్చోవచ్చు. లాగూన్ మీద ఆకు కదలకుండా ఉక్కపోసే రోజు సముద్రం ఒడ్డున ఎంతో కొంత గాలి ఉంటుంది. నీళ్లలో దిగినా అంతే. లాగూన్ లోతు తక్కువ కాబట్టి ఎండకు త్వరగా వేడెక్కుతుంది, మధ్యాహ్నం దిగితే గోరువెచ్చగా ఉంటుంది. అదే టైమ్‌కి సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది.

గాలి సంగతి స్కూల్లో అందరం చదువుకున్నదే. పగలు నేల త్వరగా వేడెక్కి పైన గాలి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రికి తిరగబడుతుంది. చదివినప్పుడు పరీక్షలో మార్కుల కోసం చదివాం. ఇక్కడ ఉంటే పొద్దెక్కాక ఒక క్షణాన కర్టెన్ బయటికి పోవడం మానేసి లోపలికి ఉబ్బుతుంది. అప్పటిదాకా చెమటలు కక్కుతున్న ఇల్లు కాసేపట్లో చల్లబడుతుంది. వేసవిలో నేను ఎదురుచూసేది దానికే.

తుప్పువీరుడు
దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు పెద్దలు. ఇసుకమేట గారూ, ముందు ఇది చదవండి, తర్వాత కవిత్వం చదువుకోవచ్చు.

తలుపు గడియలు, తాళం కప్పలు, ఫ్యాన్ బేరింగులు, సైకిల్ చైను, గ్యాస్ స్టవ్ బర్నర్లు, ఏసీ బయటి యూనిట్, అన్నీ తుప్పుకు ఆహారమే. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి ఉప్పు తుంపర గాలిలో కొట్టుకొచ్చి ప్రతిదాని మీదా పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందా, ఆ ఉప్పు పొర తేమను లాక్కుని నీరైపోతుంది. పొద్దున తుడిచిన గచ్చు సాయంత్రానికి జిడ్డుగా అంటుకునేది అందుకే. స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాసి ఉంటే నమ్మకండి, ఏ గ్రేడో అడగండి. మామూలు 304 రకం సముద్రం పక్కన కొన్నాళ్లకు మచ్చలు పడుతుంది. 316లో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును మెరుగ్గా ఓర్చుకుంటుంది. కిటికీలకు ఇనుము అసలు వద్దు. ఏసీ కాయిల్‌ను, సైకిల్‌ను తరచూ మంచినీళ్లతో కడగాలి. కెమెరా ఉంటే సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి, లేకపోతే లెన్సుకు బూజు పడుతుంది.

పడగ్గది సంగతి అడిగారు కదా, లాగూన్ వైపే. తుప్పు కాస్త తక్కువ. మీ అత్తగారికి నా ఓటు.

కొంగజపం
తుప్పువీరుడు గారు ఏళ్లుగా ఇలాగే తిడుతూ ఏళ్లుగా అక్కడే ఉంటున్నారు, గమనించగలరు 😄

తుప్పువీరుడు
తిట్టే హక్కు ఉన్నవాడికే ఉంటుంది బ్రదర్.

పోటుపాటు
ఇసుకమేట గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: పోటూపాట్లు, అంటే సముద్రపు నీరు ఎక్కడం (పోటు), తీయడం (పాటు). సెలవులకు వచ్చినవాళ్లకు ఇది అందదు, ఎందుకంటే పట్టుబడటానికి నెలలు పడుతుంది.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఇవాళ పొద్దున ఆరుకు నీరు పూర్తిగా తీసిందనుకోండి, వారం తిరిగేసరికి అది మధ్యాహ్నానికి చేరుతుంది. ఇంకో వారానికి మళ్లీ పొద్దున ఆరు దగ్గరికి ఇంకో పాటు వచ్చి నిలుస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకూ ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా పెద్ద పోట్లు, అష్టమి నవముల దగ్గర చిన్నవి. అంటే రోజూ అదే టైమ్‌కి వాకింగ్‌కి వెళ్లినా ఏ రెండు రోజులూ ఒకే బీచ్ కనిపించదు. నిన్న నడిచిన గట్టి ఇసుక ఇవాళ నీళ్ల కింద ఉంటుంది. క్యాలెండర్ చూడకుండా ఇవాళ తిథి ఏమిటో ఇసుక మీద తడి గీత చూసి చెప్పగలిగిన రోజున నాకు కలిగిన ఆనందం ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

దగ్గరగా చూడాల్సినది ఒకటి చెప్తాను. పాటు మొదలై నీరు తీసిన అరగంటకు తడి ఇసుక మీదికి వెళ్లి ఒకచోట కదలకుండా కూర్చోండి. హిందూ మహాసముద్రం, పసిఫిక్ తీరాల్లో ఇసుక బుడగల పీత అని చిన్నది ఉంటుంది, మన చిటికెన వేలి గోరంత. ముందు ఒక బొరియ నోరు తెరుచుకుంటుంది. పీత బయటికి వచ్చి ఇసుకను రెండు గిట్టలతో నోటికి అందిస్తుంది. ఇసుక రేణువులకు అంటుకున్న ఆహారాన్ని నాకేసి, మిగిలిన ఇసుకను చిన్న ఉండ చేసి పక్కన పెట్టేస్తుంది. ఒక్కో అడుగూ జరుగుతూ, ఒక్కో ఉండా వదులుతూ, బొరియ నుంచి గీతలు గీతలుగా బయటికి పోతుంది. బొరియకు దారి మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటుంది, నీడ కదిలితే ఆ దారినే వెనక్కి దూకుతుంది. కాసేపటికి బీచ్ అంతా ముగ్గులు పెట్టినట్టు తయారవుతుంది. తర్వాత పోటు వచ్చి మొత్తం తుడిచేస్తుంది. మర్నాడు మళ్లీ మొదటి నుంచి.

మా పిల్లలకు ఏ వీడియో గేమూ ఇంతసేపు నోరు మూయించలేదు.

బుజ్జిగాడి_అమ్మ
పోటుపాటు గారూ, ఇది చదివి మావాణ్ని తీసుకెళ్లాను. ఉండలు అన్నీ తొక్కేశాడు. పీతలు పాపం.

మేం ఉండేదీ అలాంటి చోటే. పిల్లలున్న ఇంటికి లాగూన్ వరమే అంటాను. అలల భయం లేదు, నడుములోతు దాకా వెళ్లినా అడుగు కనిపిస్తుంటుంది, తెడ్డు పడవ నేర్పించడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మావాడు ఈత నేర్చుకున్నది అక్కడే. ఉప్పు నీళ్లలో ఒళ్లు తేలిగ్గా తేలుతుంది కదా, భయం తొందరగా పోయింది.

ఒక్కటే సందేహం. సముద్రానికి కలిసే ముఖద్వారం దగ్గర నీళ్లు చూడ్డానికి చాలా శుభ్రంగా, ఆకుపచ్చగా మెరుస్తుంటాయి. అక్కడ పిల్లల్ని దింపొచ్చా?

చుక్కాని
వద్దమ్మా. అసలు వద్దు.

లాగూన్‌లోకి పోటుకు వచ్చిన నీరంతా పాటుకు ఆ ఒక్క సందులోంచే సముద్రంలోకి పోవాలి. ఎన్నో చదరపు కిలోమీటర్ల నీరు ఇరుకు దారిలో పడి పరుగెత్తుతుంది. మోకాలిలోతు ఉన్నా కాళ్ల కింద ఇసుకను కోసేస్తుంది, పెద్దవాళ్లే నిలబడలేరు. పైగా బయటికి పోయే నీటికి ఎదురుగా సముద్రపు అలలు వస్తే అక్కడ అలలు నిటారుగా లేచి విరుగుతాయి. చిన్న పడవలు బోల్తా పడేది అక్కడే. మెరిసే ఆ శుభ్రమైన నీరు పోటుకు సముద్రం నుంచి కొత్తగా వచ్చిన నీరు, చూడ్డానికి బాగుంటుంది, గట్టు మీంచి చూడండి.

బీచ్ వైపు కూడా ఒక మాట. అలలు వరసగా విరుగుతూ మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా, ముదురు రంగులో నిమ్మళంగా కనిపిస్తుందనుకోండి. కొత్తవాళ్లు ఇక్కడ ప్రశాంతంగా ఉంది అని సరిగ్గా అక్కడే దిగుతారు. అది రిప్ కరెంట్, ఒడ్డుకు వచ్చిన నీరు లోపలికి తిరిగిపోయే దారి. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, దాని పట్టు వదిలాక అలల వెంట ఒడ్డుకు రావాలి. ఈత సరిగా రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. ఇంట్లో అందరికీ, చుట్టాలకు కూడా, వచ్చిన మొదటి రోజే చెప్పండి.

లాగూన్‌లో నడిచేటప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవమనండి. బురదలో పడుకున్న టేకు చేప అలికిడికి పక్కకు తప్పుకుంటుంది. తొక్కితే తోక ముల్లుతో పొడుస్తుంది. ఆల్చిప్పలు కోస్తాయి, పాత రబ్బరు చెప్పులు వేసుకోవాలి.

బుజ్జిగాడి_అమ్మ
చాలా థ్యాంక్స్ చుక్కాని గారూ. స్క్రీన్‌షాట్ తీసి మా ఇంటి గ్రూపులో పెట్టాను.

మూగసాక్షి
అందరూ అందం గురించే చెప్తున్నారు. లాగూన్ కంపు సంగతి ఎవరూ ఎత్తరేం?

ల్యాబ్‌కోటు
మూగసాక్షి గారూ, న్యాయమైన ప్రశ్న. నీరు తీసినప్పుడు బయటపడే నల్ల బురదలో గాలి ఆడదు. ఆక్సిజన్ లేని చోట బతికే బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. కుళ్లిన గుడ్ల వాసన దానిదే. ఆరోగ్యంగా ఉన్న లాగూన్‌లో కూడా బురద తవ్వితే ఈ వాసన వస్తుంది, అది మామూలే. రోజంతా, పోటు నిండుగా ఉన్నప్పుడు కూడా కంపు కొడుతుంటే మాత్రం మురుగు కలుస్తోందనో, నీరు కదలడం లేదనో అనుమానించాలి. ఇల్లు కొనేముందు పాటు టైమ్‌కి ఒకసారి, పోటు టైమ్‌కి ఒకసారి వెళ్లి వాసన చూడండి. బ్రోకర్ మిమ్మల్ని ఎప్పుడూ పోటు టైమ్‌కే తీసుకెళ్తాడు.

సముద్రం నుంచి వచ్చే ఆ "బీచ్ వాసన" వేరు. అందులో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్. సముద్రంలో తేలే సూక్ష్మ మొక్కలు తయారు చేసే పదార్థం విరిగి ఇది పుడుతుంది. కొన్ని సముద్రపు పక్షులు ఈ వాసన పట్టుకునే మేత ఎక్కడుందో తెలుసుకుంటాయి. చిత్రం ఏమిటంటే రెండు వాసనలూ గంధకానివే. ఒకటి పీల్చడానికి డబ్బు ఖర్చుపెట్టి వస్తాం, రెండోదానికి ముక్కు మూసుకుంటాం.

కొంగజపం
ఆ కంపు బురదను ఏమీ అనకండి, నా ఆనందమంతా దానిలోనే ఉంది.

బీచ్ ఇసుకలో కన్నా లాగూన్ బురదలో పురుగులు, గుల్లలు, రొయ్య పిల్లలు ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే వలస పక్షులు అక్కడ దిగుతాయి. గాడ్విట్ అనే పిట్ట ఉంది. 2022లో ట్యాగ్ కట్టిన ఒక గాడ్విట్ పిల్ల అలాస్కా నుంచి టాస్మానియా దాకా ఎక్కడా వాలకుండా దాదాపు 11 రోజులు ఎగిరింది, 13,560 కిలోమీటర్లు. అలాంటి ప్రయాణం చేసే పక్షికి ముందూ వెనకా కావాల్సింది కడుపు నిండా మేత దొరికే బురద మైదానం. బురదంటే చీదరించుకునేవాళ్లకు ఈ లెక్క చెప్తుంటాను.

కొత్తవాళ్లు పేర్లు గుర్తుపెట్టుకోవాలని టెన్షన్ పడతారు. పేర్లు తర్వాత. ముందు ముక్కులు చూడండి. పొట్టి ముక్కువి పైపైన ఏరుకుంటూ పరుగెత్తి ఆగి, పరుగెత్తి ఆగి తింటాయి. మధ్యరకం ముక్కు ఉల్లంకి పిట్టలు కుట్టుమిషన్ వేగంతో పొడుస్తాయి, వాటి ముక్కు కొనకు స్పర్శ తెలుస్తుంది, కళ్లతో చూడకుండానే బురదలో ఏముందో పసిగడతాయి. పొడుగు వంపు ముక్కు పక్షి లోతు బొరియలో ఉన్న పురుగును లాగుతుంది. ఒకే గజం నేలలో మూడు అంతస్తుల్లో భోజనం జరుగుతుంటుంది, ఒకదాని జోలికి ఇంకొకటి పోదు.

రాజహంసలు (ఫ్లెమింగోలు) వచ్చే లాగూన్ అయితే ఇక చెప్పక్కర్లేదు. తల తలకిందులు చేసి ముక్కు నీళ్లలో ముంచి, నాలుకతో నీటిని తోడుతూ జల్లెడ పట్టి తింటాయి. తినే నాచులో, చిన్న రొయ్యల్లో ఉండే రంగే రెక్కలకు పడుతుంది, పుట్టినప్పుడు బూడిద రంగే. పులికాట్, చిలికా రెండు చోట్లా శీతాకాలంలో వీటి గుంపులు దిగుతాయి. పులికాట్‌కూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ఇసుక దీవే శ్రీహరికోట. అక్కడి రాకెట్లు అందరికీ తెలుసు, వెనకాల ఉన్న రాజహంసల సంగతి అంత తెలియదు.

ఇసుకమేట
కొంగజపం గారూ, బైనాక్యులర్స్ ఏ సైజు తీసుకోవాలి?

కొంగజపం
8×42, అంటే 8 రెట్లు జూమ్, ముందు అద్దం 42 మి.మీ. ఎక్కువ జూమ్ ఉంటే మంచిదనుకుని 12, 16 తీసుకుంటే చెయ్యి వణుకుకు ఏమీ కనిపించదు. వాటర్‌ప్రూఫ్ తప్పనిసరి, కారణం తుప్పువీరుడు గారు పైన చెప్పేశారు.

పైఅంతస్తు
నాది చిన్న సరదా. తీరంలో నిలబడితే మన కంటి ఎత్తుకు దిగంతం నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. మూడో అంతస్తు మేడ ఎక్కితే పది కిలోమీటర్లు దాటుతుంది. ఓడ కనిపించకుండా పోయాక గబగబా మెట్లెక్కి డాబా మీదికి పోతే మళ్లీ కనిపిస్తుంది. పెద్ద వయసులో చేసే పని కాదని మా ఇంట్లో అంటారు, అయినా చేస్తాను.

రాత్రిపిట్ట
పగటి సంగతులే రాస్తున్నారు అందరూ. రాత్రి గురించి రెండు ముక్కలు.

మొదటిది, చప్పుడు. అర్ధరాత్రి దాటాక అలల హోరు పగటికన్నా దగ్గరగా వినిపిస్తుంది. ఊరి రొద తగ్గడం ఒక కారణం. ఇంకొకటి, గాలి లేని రాత్రి నేల చల్లబడి కింది గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు పైకి పోవాల్సిన శబ్దం వంగి మళ్లీ నేల వైపు వస్తుంది. దూరాన ఎక్కడో తుపాను పుట్టినప్పుడు వచ్చే అలలు వేరేగా వినిపిస్తాయి. దూరం నుంచి వచ్చిన అలల మధ్య ఎడం ఎక్కువ, దగ్గరి గాలికి పుట్టినవి గజిబిజిగా వెంటవెంటనే వస్తాయి. పడుకుని ఒక అలకూ ఇంకో అలకూ మధ్య సెకన్లు లెక్కపెట్టుకుంటే ఇది దగ్గరిదా దూరానిదా తెలిసిపోతుంది. నిద్ర పట్టనివాళ్లకు మంచి కాలక్షేపం.

రెండోది, వెలుగు. కొన్ని కాలాల్లో నీళ్లలో నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి విపరీతంగా పెరుగుతుంది. కదిలిస్తే చాలు నీలంగా మెరుస్తుంది. అమావాస్య దగ్గర్లో, వీధి దీపాలు పడని చోట, విరిగిన ప్రతి అల అంచూ వెలుగుతుంది. లాగూన్‌లో తెడ్డు వేస్తే తెడ్డు చుట్టూ, చేప కదిలితే చేప వెంట గీత. ఫోన్ కెమెరాలో సరిగా పడదు, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఫోన్ తీయకండి. అయితే మరీ దట్టంగా పెరిగి పగలు నీరు ఎర్రగానో పచ్చగానో కనిపిస్తే దిగొద్దు, అలాంటప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు కూడా చస్తాయి.

ఒక విన్నపం కూడా. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే సముద్రం వైపు లైట్లు ఆర్పేయండి. ఆలివ్ రిడ్లే తాబేలు ఇసుకలో గొయ్యి తవ్వి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు రాత్రిపూట బయటికి వచ్చి ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతాయి. లైట్లు లేని రోజుల్లో ఆ వెలుతురు సముద్రమే. ఇప్పుడు మన బాల్కనీ బల్బు. తప్పదంటే కిందికి తిప్పిన, ఎర్ర రంగుకు దగ్గరగా ఉండే దీపం పెట్టుకోవచ్చు.

విసుగుపుట్ట
క్షమించాలి, నాకైతే కొన్నాళ్లకే బోర్ కొట్టింది. నీళ్లు, ఇసుక, నీళ్లు. ఖాళీ చేసి వచ్చేశాం. అందరికీ సరిపడే చోటు కాదు, అది కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

ఉప్పుగాలి
రాయాల్సిందే. ఏమీ చేయకుండా కూర్చోవడం రానివాళ్లకు అది నరకమే. మా చెల్లి వచ్చి మూడో రోజుకే "ఇక్కడ ఏం చేస్తారు?" అంటుంది.

ఇసుకమేట
విసుగుపుట్ట గారికి ప్రత్యేకంగా థ్యాంక్స్, నిజం చెప్పినందుకు. ఇంకో ప్రశ్న. మేం చూసిన లాగూన్ ముఖద్వారం వేసవిలో ఇసుకతో పూడిపోతుందట. అలా మూసుకుపోతే లాగూన్ చచ్చిపోయినట్టేనా?

పోటుపాటు
చచ్చిపోయినట్టు కాదు, ఊపిరి బిగబట్టినట్టు. అలలు ఒడ్డుకు ఏటవాలుగా కొడుతూ ఇసుకను తీరం వెంబడి ఒక దిక్కుకు మోస్తుంటాయి. అది ముఖద్వారంలో పడుతుంది. పోటూపాట్ల నీరు బలంగా వెళ్లి వస్తుంటే ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. ఆ ఊపు తగ్గిన కాలంలో, వానలు లేనప్పుడు, ఇసుకదే పైచేయి. చాలా చిన్న లాగూన్లు ఏటా మూసుకుని, వరద రాగానే తామే తెంచుకుని తెరుచుకుంటాయి. అలా తెగే రోజు గట్టు మీద ఉండి చూడగలిగితే అదృష్టం. చిన్న పాయగా మొదలై గంటల్లో ఏరవుతుంది.

ఎప్పటికీ తెరుచుకోకుండా పోతే మాత్రం ప్రమాదమే. చిలికాలో అదే జరిగింది. ముఖద్వారం దూరంగా జరిగి, కాలువ పూడి, ఉప్పదనం తగ్గి, కలుపు మొక్కలు కమ్మేసి, చేపలు తగ్గిపోయాయి. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలోకి 1993లో చేరింది. 2000 సెప్టెంబరులో ఇసుక గట్టును కోసి కొత్త ముఖద్వారం తెరిచారు. ఉప్పదనం తిరిగి వచ్చింది, చేపలు, పీతలు పెరిగాయి, 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. అక్కడి ఇరావడి డాల్ఫిన్లను ఇప్పుడూ చూడొచ్చు.

తుప్పువీరుడు
అయితే ఇంకేం, పూడినప్పుడల్లా పొక్లెయిన్ పెట్టి తీసేస్తే పోలా?

పోటుపాటు
గురూ, అంత తేలికైతే ఎందుకు ఇన్ని గొడవలు. లాగూన్ నీటిమట్టం తక్కువగా ఉన్నప్పుడు కోస్తే లోపలి నీటికి తోసే బలం ఉండదు, వారంలో మళ్లీ పూడుతుంది. వేరేచోట కోస్తే పక్క ఒడ్డు కొట్టుకుపోవచ్చు. మూసుకున్న కాలంలో లోపల పెరిగే చేపపిల్లలకూ ఆ నిలకడ నీరే కావాలి. వెనిస్ వాళ్లు తమ లాగూన్ పూడిపోకూడదని వందల ఏళ్ల కిందటే నదులను మళ్లించారు. ఇప్పుడు సమస్య తిరగబడింది, మేట వేసే మట్టి రాక లాగూన్ లోతవుతోంది, ఊరు మునుగుతోంది. మూడు ముఖద్వారాల దగ్గర 78 గేట్లు కట్టి 2020 అక్టోబరు 3న మొదటిసారి పెద్ద పోటును ఆపడానికి ఎత్తారు. గేట్లు మూసినంతసేపు లాగూన్ నీరు మారదు. ఒకటి సర్దితే ఇంకొకటి.

తుప్పువీరుడు
నేనైతే తీసేయమనే అంటాను. పూడిన నెలల్లో దోమలు మీ ఇంటికి రావు కాబట్టి మీకు శాస్త్రం కనిపిస్తోంది. మా ఇంటికి వస్తాయి.

చుక్కాని
ఈ గొడవ ఇప్పట్లో తేలదు. ఇసుకమేట గారూ, మీరు చెప్పిన నేల కదిలే నేల. ఇల్లు తీసుకునేముందు ఇసుక దిబ్బలు ఉన్నాయో, చదును చేసేశారో చూడండి. దిబ్బ మీద పాకే ఊదాపూల తీగ, రావణాసురుడి మీసాల గడ్డి, ఇవి ఇసుకను పట్టి ఉంచుతాయి. ఆ గడ్డి ముళ్ల బంతులు ఎండి గాలికి బీచ్ పొడుగునా దొర్లుతుంటే పిల్లలు వెంటపడతారు, అదో సరదా. దిబ్బను తవ్వేసి సీ వ్యూ అని అమ్మే ఇల్లు నాకైతే వద్దు.

తుపాను వస్తే నీరు రెండు వైపుల నుంచీ వస్తుంది. ముందు సముద్రం నుంచి, తర్వాత గాలి తిరిగాక లాగూన్ నుంచి. ఖాళీ చేయమంటే మారుమాట లేకుండా వెళ్లిపోవాలి. దారి ఒక్కటే అయితే ముందు రోజే.

ల్యాబ్‌కోటు
బావి నీటి సంగతి కూడా. ఇలాంటి ఇసుక నేల కింద వాన నీరు ఉప్పునీటి మీద పొరగా తేలుతుంటుంది. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఉంటే కింద సుమారు 40 మీటర్ల దాకా ఉంటుందని లెక్క. తిరగేసి చూడండి: మోటారు పెట్టి పైన కొంచెం తగ్గిస్తే, కింద నుంచి ఉప్పునీరు దానికి 40 రెట్లు పైకి వస్తుంది. అందుకే పాతవాళ్లు లోతులేని బావి తవ్వి చేదతో తోడుకునేవాళ్లు. లోతు బోరు వేశామని గొప్పగా చెప్పే ఇంట్లో నీళ్లు రుచి చూసి మరీ మాట్లాడండి.

ఉప్పుగాలి
ఇంతా చదివి ఇసుకమేట గారు పారిపోయేలా ఉన్నారు. ఒక్క మాట. ఇక్కడ మడ చెట్లు ఉంటే ఆకు వెనక్కి తిప్పి వేలితో రాసి నాలుకకు అద్దుకోండి. ఉప్పగా ఉంటుంది. కొన్ని రకాల మడ పీల్చిన ఉప్పును ఆకుల మీదికే కక్కేస్తుంది, ఎండలో చూస్తే పలుకులు మెరుస్తాయి. చుట్టూ బురదలోంచి దాని ఊపిరి వేళ్లు నిక్కపొడుచుకుని ఉంటాయి. పీత ఒకటి ఒకే పెద్ద గిట్ట ఊపుతూ ఆడపీతను పిలుస్తుంటుంది. ఈ కాస్త చోటులో ఓ సాయంత్రం ఎలా గడిచిపోతుందో చూడండి.

ఇసుకమేట
పారిపోలేదండీ, నోట్స్ రాసుకుంటున్నాను. నిన్న మళ్లీ వెళ్లాం, ల్యాబ్‌కోటు గారు చెప్పినట్టు పాటు టైమ్‌కి. అక్కడ ఒకటి అర్థం కాలేదు. టైడ్ టేబుల్ (పోటూపాట్ల టైమ్ పట్టిక) ప్రకారం బీచ్ వైపు నీరు అప్పటికే ఎక్కడం మొదలైంది. లాగూన్ వైపు ఇంకా దిగుతూనే ఉంది. టేబుల్ తప్పా?

పోటుపాటు
టేబుల్ తప్పు కాదు, అది బయటి సముద్రానిది. ఇరుకు ముఖద్వారంలోంచి నీరు దూరి, లోతులేని అడుగు మీద రాసుకుంటూ లోపలికి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఎత్తు కూడా తగ్గిపోతుంది. బయట నిలువెత్తు పోటు లోపల జానెడే కావచ్చు. మీ ఇంటి దగ్గర ఎంత ఆలస్యమో ఏ టేబుల్లోనూ ఉండదు, మీరే కొలుచుకోవాలి. ఒక కర్రకు గీతలు పెట్టి లాగూన్ ఒడ్డున పాతండి. పెద్ద పోటు రోజుల్లో ఒకసారి, అష్టమి దగ్గర ఒకసారి, గంట గంటకూ గీత రాసుకోండి. టేబుల్ టైమ్‌తో పోలిస్తే తేడా వచ్చేస్తుంది. పైన వానలు పడిన రోజుల్లో మాత్రం కొలవద్దు, ఏటి నీరు కలిసి లెక్క తప్పుతుంది.

కొంగజపం
కర్ర పాతితే దాని మీద మొదటి రోజే లకుముకి పిట్ట వాలుతుంది. గీతలు పిట్ట రెట్టకు చెరిగిపోకుండా పెయింట్‌తో వేసుకోండి.